దాపటెద్దు మూపు మీది కాయ

ఎవరి ముందూ పైకి అనని మాటొకటి ముందే చెప్పేస్తాను. ఏ పనీ చివరిదాకా చెయ్యలేని మనిషినని నా గురించి నాకు గట్టి నమ్మకం. కుట్టుపని రవికె చేతుల దగ్గర ఆగింది. కన్నడం సొంతంగా నేర్చుకుంటానని కూర్చుని, ఒత్తుల దగ్గర లేచిపోయాను. ఇప్పుడు దూరవిద్యలో డిగ్రీ ఆఖరి ఏడాది. పరీక్షలు దగ్గర పడుతుంటే పుస్తకాలు మూసేశాను. ఎందుకు ఆపావే అంటే, నా తీరే అంత అంటాను. అంతకు మించి ఆలోచించబుద్ధి కాదు. అలాగని కుదురుగానూ ఉండలేను. నా గోడు నేను తిన్నగా చూడలేను గనక ఒక ఎద్దు గోడు చెబుతాను. పక్కవాళ్ళ సంగతైతే మనకి బాగా కనబడుతుంది కదా.

అదొక ఎర్రనేలల ఊరు. ఊరి పక్కన గుట్ట, గుట్ట కింద వెంగన్న అనే రైతు చేను. వెంగన్న కొట్టంలో మైలడనే ఎద్దూ, ఒక ముసలి బర్రే ఉండేవి. మైలడికి జోడైన నల్లడు పోయిన వేసవిలో చచ్చిపోయాడు. అప్పటినుంచీ చేను బీడు పడింది. బీడు నిండా ఎలకల బొరియలు. ఆ ఎలకల్ని తిని గుట్ట మీది నక్క గుమ్మడికాయలా తయారైంది. ఎవరి చేను బీడైతేనేం, తన కడుపు పండింది.

జోడెద్దుల సంగతి తెలియనివాళ్ళకి ఒక ముక్క. కాడికి ఎడమ పక్కన కట్టే ఎద్దు దాపటెద్దు, కుడి పక్కన కట్టేది వెలపటెద్దు. కోడెగా ఉన్నప్పుడు ఏ పక్క అలవాటు చేస్తే బతుకంతా ఆ పక్కే. మైలడు దాపటెద్దు. నీ పేరేంటని అడిగినా ముందు ఆ మాటే చెప్పేవాడు.

తొలకరి పడింది. వెంగన్న సంతకు పోయి కర్రోడనే కోడెను కొనుక్కొచ్చాడు. రెండు పక్కలా నడుస్తుందని అమ్మినవాడు తన బిడ్డల మీద ఒట్టేశాడట. తీరా కాడి కడితే వాడూ దాపటివాడే. ఇద్దరూ ఎడమ పక్కకే దూరబోయి కొమ్ములు కొట్టుకున్నారు. కర్రోణ్ణి వెలపట కడితే నాగలిని తన్నాడు. మైలణ్ణి వెలపట కడితే నాగటి చాలులోనే కూలబడ్డాడు. తోక మెలిపెట్టినా లేవలేదు.

వెంగన్న కేకలు వెయ్యలేదు. అందుకే అందరికీ భయం వేసింది. కొట్టం దగ్గర నిలబడి పెళ్ళాంతో నెమ్మదిగా చెప్పాడు, కొత్తదాన్ని ఆదిలోనే చెడగొట్టుకోలేనని, పాతది వచ్చే సంతలోపు వెలపట నడిస్తే సరేనని, లేకపోతే తోలేస్తానని. తొలకరి వేళ పని చెయ్యని ఎద్దును కొనేది ఎవరో గొడ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. కటికవాడు.

ఈ కబురు నక్కకీ చేరింది. చేను దున్నితే బొరియలు పోతాయి, బొరియలు పోతే ఎలకలు పోతాయి. ఎద్దు పుండు కాకికి ముద్దు అన్నట్టు, మేత బీట్లో మైలడి పక్కన చేరి బోలెడు జాలి ఒలకబోసింది. వెంగన్న ఉత్తినే బెదిరిస్తున్నాడంది. బిడ్డలా సాకినవాడు కటికవాడికి అమ్ముతాడా అంది. నాలుగు రోజులు మొండికేస్తే ఆయనే కర్రోణ్ణి మారుస్తాడంది.

"అయినా అన్నా, నువ్వు మారదామన్నా నీ ఒళ్ళు మారనివ్వదు" అంది నక్క. "నీ మూపు మీది కాయ చూసుకో. ఒక్క పక్కకే ఒరిగి ఉంది. అది బ్రహ్మరాత. నువ్వు పుట్టుకతోనే దాపటివాడివి."

మైలడు మెడ తిప్పి చూడబోయాడు. మూపు ఎవరికి కనబడుతుంది? కానీ దాన్ని చెట్టుకేసి రాసుకున్నప్పుడల్లా ఆ గట్టితనం తగిలేది. నిజమేననుకున్నాడు.

"వెలపట నడిస్తే ఏమవుతుంది చెల్లీ?"

"అడక్కూడనిది అడిగావు" అని నక్క గొంతు తగ్గించింది. "మా తాత కళ్ళారా చూశాడు. ఇదే గుట్ట కింది చేలో ఒక దాపటెద్దును వెలపట కట్టారు. మూడో చాలు తిరిగేసరికి నెత్తురు కక్కుకుని పోయింది."

ఆ రోజు నుంచి మైలడికి మేత సహించలేదు. మారితే చేలో చావు, మారకపోతే సంతలో చావు. కొట్టంలో ఇటు పడుకునేవాడు, లేచేవాడు, అటు పడుకునేవాడు. పక్కనే నెమరేస్తున్న ముసలి బర్రె కాసేపు ఓర్చుకుని, నీ దుమ్మంతా నా నోట్లోకి వస్తోంది, పడుకుంటే పడుకో లేకపోతే ఏడుపేదో ఏడువు అని విసుక్కుంది.

మైలడు ఉన్నదంతా చెప్పాడు. చివర్న, "పుట్టుకతోనే దాపటివాణ్ణి పెద్దమ్మా. నేనేం చెయ్యను?" అన్నాడు.

"నువ్వు పుట్టినప్పుడు నేనిక్కడే ఉన్నాను" అంది బర్రె. "కాళ్ళు నిలవక పడ్డావు. ఏ పక్కకు పడ్డావో కూడా గుర్తుంది. రెండు పక్కలకీ పడ్డావు."

"మరి మూపు మీది కాయ?"

"ఒరే, కాయ ముందొచ్చిందా, కాడి ముందొచ్చిందా?"

బర్రె నెమరు ఆపి, ఎవరూ అడగలేదు కాబట్టి ఇన్నాళ్ళూ తనూ చెప్పలేదంటూ అసలు సంగతి చెప్పింది. మైలడు కోడెగా ఉన్నప్పుడు నల్లడికి ఎడమకంట్లో పువ్వు వేసి చూపు పోయింది. ఆ కన్ను లోపలి పక్కకు ఉంటే ఫరవాలేదు, అటు జోడెద్దే ఉంటుంది. బయటి పక్కకు ఉంటే గట్టూ గొయ్యీ కనబడదు. అందుకని నల్లణ్ణి వెలపట కట్టారు. మిగిలింది దాపట.

"మిగిలిన చోట నిన్ను కట్టారు. అంతేరా. నీకే పక్క బాగుంటుందని అప్పుడెవరూ చూడలేదు."

ఇది విన్నాక మైలడికి హాయిగా ఉండాలి. ఉండలేదు. ఉన్న కాస్త కుదురూ పోయింది. ఇన్నేళ్ళూ నా పుట్టుక అనుకున్నది నల్లడి కంటి జబ్బా అని ఒకటే గింజుకున్నాడు. తప్పని తేలిన నమ్మకం కూడా వెంటనే వదలదు. మైలడి బుద్ధి ఒప్పుకుంది, కాళ్ళు ఒప్పుకోలేదు.

కాళ్ళకే నేర్పుదామనుకున్నాడు. మర్నాటినుంచి మేతకు పోయేటప్పుడు కర్రోడికి కుడి పక్కన నడవసాగాడు. మొదట్లో తెలియకుండానే వెనక నుంచి చుట్టి ఎడమకు వచ్చేసేవాడు. వచ్చాక నాలుక కరుచుకుని మళ్ళీ కుడికి పోయేవాడు.

"ఏం మామా, నా చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నావు, మొక్కుకున్నావా ఏంటి?" అన్నాడు కర్రోడు.

"నోరు మూసుకుని తిన్నగా నడువు అల్లుడూ. నువ్వు మారవు, నాకు తప్పదు."

"నేను తన్నింది నాగలిని. నీలా కూలబడితే నన్నూ తోలేస్తాననేవాడేగా. ఎలా బతకాలో నేర్చుకో." అని నవ్వాడే గాని, ఆ తర్వాత కర్రోడు అడుగు కాస్త తగ్గించి నడిచాడు. మైలడు అది గమనించాడు.

తడబాటు తగ్గింది కానీ భయం తగ్గలేదు. మూడో చాలు మాట పొట్టలో ముల్లులా ఉండిపోయింది. నల్లడి సంగతి తేలినట్టే దీని సంగతీ తేల్చుకోవాలనుకుని, నక్క కనబడగానే నిలబెట్టి అడిగాడు. ఆ చచ్చిన ఎద్దు ఎవరిది, ఏ ఏడాది సంగతి అని. నక్క తడుముకుని, పేర్లు గుర్తులేవంది. చేను మాత్రం ఇదేనంది.

"మూడో చాల్లోనే ఎద్దు చస్తే మిగిలిన చేను ఎవరు దున్నారు చెల్లీ? నాకు తెలిసి ఈ చేను ఏ ఏడూ పండకుండా లేదు. నల్లడు పోయాకే బీడైంది."

నక్క, పెద్దలు చెప్పిన మాటకు వంకలు పెట్టకూడదంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ. అడిగేవాడు ఎదురైతే మాత్రం పెద్దలు అడ్డం రావలసిందే. మైలడికి విషయం అర్థమైంది. తల వంచుకుని దీనంగా ముఖం పెట్టాడు.

"నీ మాటే నిజం కావచ్చులే. రేపే నన్ను వెలపట కడతారు. ఎలాగూ పోతాను. పోయేవాణ్ణి, కటికవాడి పాలు కావడం కంటే నా మాంసం నా మంచి కోరినదానికి దక్కడం మేలు కదా. గట్టు మీద కూర్చుని మూడో చాలు దాకా చూడు."

ఇక్కడ నక్కకు ఒక్క నిమిషం బుద్ధి పనిచేసి ఉంటే బాగుండేది. ఆ కథ అల్లింది తనే. కానీ చెప్పి చెప్పి దాని రంగూ రుచీ నోటికి అలవాటైంది. ఇప్పుడు దాని చివర ఎద్దు మాంసం కూడా వేలాడుతోంది. ఏమో, తాత నిజంగానే చూశాడేమో అనుకుంది. రేపు ఎద్దు ఉండగా ఇవాళ ఎలకలెందుకని, ఆ పూట వేటకు కూడా పోలేదు.

మర్నాడు సంత ముందురోజు. వెంగన్న కాడి తెచ్చి నిలబెట్టాడు. ఎవరూ తోలకుండానే మైలడు వెలపట పక్కకు పోయి మెడ వంచాడు. వెంగన్న కర్రోణ్ణి దాపట కట్టి నాగలి పట్టాడు.

మొదటి చాలు పాములా వంకరపోయింది. రెండోది కాస్త నయం. మూడో చాలు మలుపులో మైలడి కాళ్ళు నిజంగానే వణికాయి. అబద్ధమని తెలిసినా వణికాయి. కర్రోడు పక్కకు ఒరిగి, "చావాలంటే గట్టు దాటాక చావు మామా, ఇక్కడైతే నేనూ పడతాను" అన్నాడు. మైలడు ఊపిరి పీల్చి అడుగేశాడు. మలుపు తిరిగింది. నాలుగో చాలు మొదలైంది.

గట్టు మీద నక్క తను లెక్క తప్పాననుకుంది. ఇంకో చాలు చూసింది. ఇంకోటి చూసింది. నాగలి ఒక్కో బొరియనే తిరగేస్తుంటే, ఎలకలు పక్క ఊరి చేలవైపు బారులు కట్టి పరిగెత్తాయి. వాటి వెంట పడదామంటే ఎద్దు ఎక్కడ పడిపోతుందో, వేరే ఎవరు ఎత్తుకుపోతారో అని బెంగ. కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది. పొద్దుగూకేసరికి చేనంతా దుక్కి. ఎద్దూ లేదు, ఎలకా లేదు.

కొట్టానికి పోతూ మైలడు గట్టు దగ్గర ఆగాడు. "మీ తాత కళ్ళారా చూశాడన్నావే చెల్లీ, ఆయన దగ్గర్నుంచి చూశాడా, దూరం నుంచి చూశాడా?"

నక్క ఖాళీ కడుపుతో గుట్ట ఎక్కింది. మర్నాడు వెంగన్న సంతకు పోయాడు, ఒక్కడే, విత్తనాల కోసం.

నమ్మకం మూపు మీది కాయలాంటిది. ఏ కాడి పెట్టిందో అడగనివాడికి అది పుట్టుమచ్చలా కనబడుతుంది.

నీతి రాశాక లేచి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేకపోతున్నాను. నా తీరే అంత అన్న మాట నాకు ఎక్కడిది? తవ్వుకుంటూ పోతే మా చిన్నమ్మ రామసుబ్బమ్మ గొంతు వినబడుతోంది. ఆమె ఇంట్లో ఉండి చదువుకునేటప్పుడు, "ఇది ఏదీ కడదాకా చెయ్యదు" అని ఎవరితోనో అంది. విస్తళ్ళు కుడుతున్నానో, పూలు కడుతున్నానో గుర్తులేదు. నవ్వుతూ అందో, అలిసిపోయి అందో కూడా తెలీదు. అసలు నన్నేనో, ఆ పక్కన ఆడుకుంటున్న తన కూతుర్నో. నేను మాత్రం ఆ మాట ఎత్తుకుని ఇంత దూరం మోశాను. ఆమెకు ఆ మాట గుర్తుండకపోవచ్చు. గుర్తుండి, నిన్నే అన్నాను అనొచ్చు. ఏదైనా సరే, వినాలి.

చిన్నమ్మకు ఫోన్ చేస్తున్నాను.