వాన అనబోయి నావ అన్న చిలుక

ఒకప్పుడు చిలుకకు ప్రతి మాటకీ అర్థం తెలిసేది. ఇప్పటిలా విన్నది విన్నట్టు పలికి ఊరుకునేది కాదు.

ఆ రోజుల్లో గోదావరి నడుమ ఒక లంక ఉండేది. చుట్టూ నీళ్లు, గట్టుకు పోవడానికి ఒక ఇసకతిన్నె, మధ్యలో రెల్లుగడ్డి, అక్కడక్కడా తుమ్మచెట్లు. అందులో కుందేళ్లు, ఉడతలు, ముంగిసలు కాపురం ఉండేవి. లంకలో వాళ్లందరిదీ ఒక భాష. ఎగువ కొండల నుంచి వచ్చే కొంగలది ఇంకో భాష. ఒకరి మాట ఒకరికి తెలిసేది కాదు. రెండూ వచ్చింది చిలుకకే. కొంగలు ఏం చెప్పినా చిలుక విని, లంకవాళ్ల మాటల్లో చెప్పేది.

చిలుకకు ఇంకో సరదా కూడా ఉండేది. ఉన్న అక్షరాలనే అటూ ఇటూ తిప్పి ఉడత పిల్లలకు చూపించేది.

"తల. తిరగేస్తే ఏమైంది? లత. తల మన మెడ మీద ఉండేది, లత చెట్టుకు పాకేది. గడప తిరగేస్తే పడగ. ఒకటి దాటి ఇంట్లోకి వస్తాం, ఇంకోటి చూసి ఇంట్లోంచి పారిపోతాం."

ఉడత పిల్లలు నవ్వలేక కొమ్మ మీంచి జారేవి. "ఇంకోటి చెప్పు పిన్నీ" అనేవి. చిలుకకు ఛాతీ ఉబ్బేది.

ఒక మధ్యాహ్నం ఆట జోరుగా సాగుతుండగా ఒక కొంగ వచ్చి వాలింది. ఎక్కడా ఆగకుండా ఎగిరి వచ్చిందేమో, ఒకటే రొప్పుతోంది.

"కొండల్లో వాన. నేనెప్పుడూ చూడనంత వాన. ఏరు పొంగి వస్తోంది. ఇసకతిన్నె ఇంకా మునగలేదు, దాని మీదుగా అందరినీ గట్టుకు పొమ్మను" అని తన భాషలో చెప్పింది.

చిలుక సగమే వింది. ఎదురుగా ఉడత పిల్లలు తర్వాతి మాట కోసం నోళ్లు తెరుచుకుని చూస్తున్నాయి. చిలుక వాటికి చెప్పబోతున్న జంట కూడా అదే. వాన, నావ. రెండూ నాలుక మీద పక్కపక్కనే ఉన్నాయి.

"నావ వస్తోందట. అందరినీ గట్టుకు చేరుస్తుందట" అనేసింది.

లంకలో అందరికన్నా పెద్దది కుందేలు మామ్మ. ఆమె ఆకాశం వైపు చూసింది.

"చిలకమ్మా, కొంగని మరోసారి అడుగుతావా? ఎగువన మబ్బు కమ్మింది. అది వాన అనలేదు గదా?"

పిల్లల ముందు అలా అడిగేసరికి చిలుకకు ఉక్రోషం వచ్చింది.

"నాకు నువ్వు మాటలు నేర్పుతావా మామ్మా? నావ అంటే నీళ్ల మీద తేలేది. వెళ్లి రేవులో కూర్చో" అంది.

ఆ మాట అంటుండగానే దానికి తట్టింది. కొంగ అన్నది వానే.

కానీ దిద్దుకోడానికి నోరు రాలేదు. ఉడత పిల్లలు తనవైపే చూస్తున్నాయి. వీళ్లను వెళ్లనిచ్చి మెల్లగా చెబుదాంలే అనుకుంది.

ఏరు ఆగలేదు. ఎర్రటి నీళ్లు సుళ్లు తిరుగుతూ వచ్చాయి. అందరూ రేవులో నావ కోసం ఎదురు చూస్తుండగానే ఇసకతిన్నె మునిగిపోయింది.

"నావ కాదు, వాన. పరుగెత్తండి" అని చిలుక అరిచింది. పరుగెత్తడానికి దారేదీ?

కొట్టుకొచ్చిన ఒక పెద్ద మానును పట్టుకుని కొందరు గట్టెక్కారు. ఉడత పిల్లల్ని కొంగ ముక్కున కరుచుకుని ఒక్కొక్కదాన్నే అవతల దింపింది. కుందేలు మామ్మ చిన్న మనవరాలు మాత్రం ఎవరికీ అందలేదు.

గట్టు మీద వణుకుతూ అందరూ కూర్చున్నారు. కుందేలు మామ్మ నీళ్లవైపే చూస్తోంది. ముంగిస చిలుక దగ్గరికొచ్చింది.

"నావ అన్నావు గదా" అంది.

"కొంగే అంది. నేను విన్నదే చెప్పాను" అంది చిలుక.

అందరూ కొంగ మీద పడ్డారు. తిట్టారు. బురద విసిరారు. కొంగకు ఒక్క ముక్క అర్థం కాలేదు. రెక్కలు తడిసి, నిలబడే ఓపిక లేక, చిలుకను అడిగింది.

"ఏమంటున్నారు? అవతల ఇంకా ఎవరైనా మిగిలిపోయారా? మళ్లీ వెళ్లనా?"

ఆ మాట లంకవాళ్లకు తెలియలేదు. తెలిసింది చిలుక ఒక్కదానికే. చెట్టు తొర్రలో దూరి తల దాచుకోవాలనిపించింది. కానీ ఇంకో బురదముద్ద కొంగ మెడకు తగిలింది.

"ఆపండి. కొంగ వాన అనే చెప్పింది. నావ అన్నది నేను. మామ్మ అడిగినప్పుడే నాకు తెలిసింది. పరువు పోతుందని చెప్పలేదు. ఇప్పుడు కూడా అబద్ధమాడాను" అంది చిలుక.

ఎవరూ దాన్ని తిట్టలేదు. విసరబోయిన బురద చేతుల్లోంచి జారిపోయింది. కుందేలు మామ్మ చిలుకవైపు తిరిగి, "నేనడిగినప్పుడు ఇసకతిన్నె ఇంకా కనిపిస్తూనే ఉందమ్మా" అంది. అంతే అంది.

ఆ ఒక్క మాటకు చిలుక తల వాలిపోయింది.

"ఇక నేను అర్థాలు చెప్పను. నా తెలివి నాకొద్దు. ఎవరు ఏమంటే అదే, వాళ్ల గొంతుతోనే చెబుతాను. ఒక్క అక్షరం కూడా అటూ ఇటూ కానివ్వను. అర్థం మీరే చూసుకోండి" అంది.

అన్నట్టే చేసింది. వాడకపోతే ఏదైనా మరిచిపోతాం గదా. మెల్లమెల్లగా దానికి అర్థాలన్నీ మరుపునపడ్డాయి. తన పిల్లలకు కూడా మాటలే నేర్పింది, అర్థాలు నేర్పలేదు.

అప్పటినుంచే చిలుక మనమేం చెప్పినా ఆ మాటను అదే గొంతుతో, అవే అక్షరాలతో తిరిగి పలుకుతుంది. మరి దాని అర్థమేమిటని అడిగితే మాత్రం తిన్నగా మన మొహంలోకి చూడదు. తల పక్కకు వాల్చి, ఒక్క కంటితోనే చూస్తుంది.