తలుపు సందులో చారలు

"సామీ, కళ్లారా చూసింది చెప్పినా పాపమేనా?" అని బసవలింగం తన గురువును అడిగిన రోజు మఠంలో ఎవరూ అన్నం ముట్టలేదు. గొర్రెల కాపరి బీరప్ప కొండదారిలో చనిపోయాడని ఆ ఉదయమే కబురొచ్చింది. తాను దొంగను కానని చివరిదాకా అంటూనే ఉన్నాడట.

అది కరువు ఏడాది. ఊరి జొన్నలన్నీ మఠం పెరట్లో తవ్విన పాతరలో పోసి మూత వేశారు. ఊరంతా చేరితేనే ఆ మూత తీయాలి, ఒంటరిగా దిగినవాడికి ఊళ్లో చోటు లేదు. అదీ కట్టుబాటు. ఒకసారి తీసి చూస్తే గింజలు బాగా తగ్గి ఉన్నాయి. అప్పుడు బసవలింగం సాక్ష్యం చెప్పాడు. ఒక మిట్టమధ్యాహ్నం తాను జపం గదిలో ఉండగా, మూసిన తలుపు చెక్కల నడిమి నిలువు సందులోంచి బీరప్ప దుప్పటి కనిపించిందనీ, దాని ఏటవాలు చారలు పాతర దగ్గర కిందికి దిగిపోయాయనీ అన్నాడు. ఎండకు నెత్తినుంచి మడమలదాకా అలాంటి దుప్పటి కప్పుకు తిరిగేవాడు ఊళ్లో బీరప్ప ఒక్కడే. పైగా కాపరి మాటెక్కడ, జపం చేసే నోటి మాటెక్కడ! నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు గాని, ఆకలిగొన్న ఊరికి నిలకడెక్కడిది? దుప్పటి లాక్కుని, ఆలుబిడ్డలతో సహా అతన్ని పొలిమేర దాటించారు. గురువు నిర్వాణయ్య అప్పుడు యాత్రలో ఉన్నాడు. 

ఆ ప్రశ్న విన్న గురువు శిష్యుణ్ణి అదే గదిలో కూర్చోబెట్టి తలుపు మూయించాడు. బీరప్ప దుప్పటి తెప్పించి, నెత్తిన కప్పుకుని, పాతర పక్కగా నడిచాడు.

"ఏం కనపడతాంది?"

"చారలు దిగుతాండాయి సామీ. మీరు పాతరలోకి దిగుతాండారు. ఆ పొద్దు కూడా అచ్చం ఇట్లే."

"బయటికి రా."

బసవలింగం వచ్చి చూశాడు. పాతర మూత వేసినట్టే ఉంది. గురువు నాలుగడుగుల అవతల చదును నేల మీద నిలబడి ఉన్నాడు. శిష్యుడు లోపలికి పరుగెత్తి మళ్లీ సందుకు కన్ను ఆనించాడు. గురువు మళ్లీ మొదటినుంచి అడ్డంగా నడిచాడు. దుప్పటి పక్కకే జరుగుతున్నా, ఆ సన్నటి సందులో ఏటవాలు చారలు మళ్లీ కిందికే దిగినట్టు కనిపించాయి.

"నా కళ్లే నన్ను మోసం చేసినాయి సామీ," అంటూ బసవలింగం వచ్చి కూలబడి ఏడ్చాడు.

గురువు దుప్పటి మడిచి అతని ఒళ్లో పెట్టాడు.

"కంటికి దొరికింది వేలెడు సందు. దాన్నేమంటాం? తలుపు గడియ నీవైపే ఉండె గదా నాయనా."