చెమట పట్టిన కుండ

ఒకప్పుడు కుండలో నీళ్లు చల్లగా ఉండేవి కావు. నమ్మరా? నమ్మకపోతే మానండి, కథ మాత్రం వినండి. ఎండాకాలం వస్తే కుండలో నీళ్లు తాగినా నాలుక చుర్రుమనేది.

ఇదంతా సూర్యుడి పెత్తనం. "నా కింద ఉన్న ప్రతిదీ వేడెక్కాల్సిందే" అనేవాడు. "నేను ఆరబెట్టకపోతే మీ పచ్చి కుండలు ఏమైపోతాయి?" అని కుమ్మరుల్ని దెప్పేవాడు. వాళ్లు కిక్కురుమనేవాళ్లు కాదు.

ఓబులమ్మ మాత్రం ఊరుకునే రకం కాదు. ఒంటరిగా కుమ్మరి సారె తిప్పుకుని బతికే మనిషి. ఆ ఏడు ఆమె కూతురు ఈరక్కకు వడదెబ్బ తగిలింది. ఐదేళ్ల పిల్ల. వేడినీళ్లు తాగిస్తే కక్కేస్తోంది. "అమ్మా, చల్లటి నీళ్లు" అని ఒకటే కలవరింత.

ఓబులమ్మ వాకిట్లోకి వచ్చి తలెత్తి చూసింది. "సూర్యుడా, ఒక్క కుండ వదిలిపెట్టు. పిల్ల తాగాలి" అంది.

"ఒక్కటి వదిలితే రేపు ఊరంతా అడుగుతుంది. కుదరదు" అన్నాడు సూర్యుడు.

"సరే, నా కుండ సంగతి నేనే చూసుకుంటా" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

ఎండ దూరనంత మందంగా ఓ కుండ చేద్దామనుకుంది. మామూలుగా అయితే మట్టిలో ఉన్న ఊకంతా ఏరి, మెత్తగా తొక్కి, అప్పుడు సారె మీద పెట్టాలి. చంకలో పిల్ల మూలుగుతుంటే ఊక ఏరడం ఎవరికి గుర్తుంటుంది? అలాగే తొక్కేసింది, అలాగే కుండ చేసేసింది. ఆవంలో పెట్టి కాల్చితే ఊకంతా మాడిపోయి, దాని చోట కంటికి ఆనని సన్న సన్న బెజ్జాలు మిగిలాయి.

నీళ్లు పోసిన కాసేపటికే కుండ పైనంతా తడి.

ఆ రోజుల్లో కుమ్మరులకు ఒక కట్టుబాటు ఉండేది. తడి పైకి కనిపించిన కుండను అక్కడికక్కడే పగలగొట్టాలి. సంగతి తెలిసి కుమ్మరుల పెద్ద నారపయ్య కర్ర పట్టుకుని వచ్చాడు.

"పగలగొట్టమ్మా. మన పనికే తలవంపులు" అన్నాడు.

"పగలగొట్టను మామా" అంది ఓబులమ్మ, కుండకు అడ్డంగా నిలబడి. "నీళ్లు కారడం లేదు, తడి మాత్రమే ఉంది. నా బిడ్డ తాగాకే ఏదైనా."

పైనుంచి సూర్యుడు పకపకా నవ్వాడు. "ఏం కుండా, నన్ను చూసి ఏడుస్తున్నావా?"

కుండకు ఒళ్లు మండింది. "నిన్ను చూసి ఏడవడమా? నేను ఆవంలో కాలి వచ్చినదాన్ని. ఇది చెమట. పని చేస్తున్నా, కనబడట్లేదా?"

"ఆ చెమటంతా తాగేస్తా."

"తాగు. నువ్వెంత తాగితే నా లోపలి వేడి అంత బయటికి పోతుంది."

సూర్యుడికి రోషం వచ్చింది. నిప్పులు చెరిగాడు. కుండ మీది తడి ఆరుతోంది, మళ్లీ ఊరుతోంది. ఓబులమ్మ ముంత ముంచి పిల్ల నోటికి అందించింది. ఈరక్క గుటకలు వేసి, కళ్లు తెరిచి, "ఇంకొంచెం" అంది. ఓబులమ్మ అప్పుడు ఏడ్చింది.

నారపయ్య కుండ పొట్ట మీద చెయ్యి పెట్టి చూశాడు. కర్ర పక్కన పారేశాడు. "నాకూ ఒక ముంత పొయ్యమ్మా" అన్నాడు.

సూర్యుడికి తల కొట్టేసినట్టయింది. ఈ రోగం లోకమంతా పాకుతుందని భయపడి, ఆ రోజే దేశదేశాల కుమ్మరుల్ని హెచ్చరించాడు. "ఏమైనా చేసుకోండి, మట్టిలో ఊక మాత్రం ఉంచకండి. కుండ చల్లబడిపోతుంది" అన్నాడు.

పాపం, అంతవరకూ వాళ్లకు ఆ సంగతే తెలియదు.

ఇసుక ఎడారుల వాళ్లు ఊక కలిపారు. కొండల వాళ్లు ఇసుక కలిపారు. సముద్రాల అవతలి వాళ్లు పాత పెంకులు దంచి కలిపారు. ఒకరు కుండకు రెండు చెవులు పెట్టారు, ఇంకొకరు పొడుగు మెడ పెట్టారు, మరొకరు ముక్కు పెట్టారు. మొహాలు వేరైనా అన్నిటికీ చెమట పట్టింది. సూర్యుడు ఏ దేశం మీదుగా వెళ్లినా కింద ఒక కుండ పొట్ట తడుపుకుని తనవైపే చూస్తోంది.

ఇప్పటికీ ఆయన మొండితనం ఆయనది, కుండ మొండితనం కుండది. అప్పటినుంచే, ఎండ ఎంత ముదిరితే కుండలో నీళ్లు అంత చల్లబడుతున్నాయి.