తలూపిన ముక్క

కైవల్యరావు మాస్టారికి ఒక అలవాటు ఉండేది. సినిమా పాఠాలు నేర్చుకునే పిల్లలు షాటు ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ కత్తిరించాలి అని అడిగితే, ఆయన నోటితో చెప్పేవారు కాదు. ఎవరి పక్కనో కూర్చోబెట్టి బొమ్మ చూపించేవారు.

ఆయన శిష్యుడు సుధాంశు తమ ఇంట్లో జరిగిన సత్యనారాయణ వ్రతాన్ని చిన్న సినిమాగా తీశాడు. అందులో ఒకచోట, కథ పూర్తయ్యాక వాళ్ళ నాన్న ప్రసాదం నోట్లో వేసుకుంటాడు. వెంటనే మేనత్త అచ్చమాంబ మొహం తెర నిండా కనబడుతుంది. రెప్ప వెయ్యకుండా, మెడ ముందుకు చాచి, తమ్ముడి నోటికేసే చూస్తుంటుంది. షాటు అక్కడితో సరి. తరగతిలో వేసి చూసుకున్నప్పుడు పిల్లలు పడీ పడీ నవ్వారు.

"ఒరేయ్, మీ అత్తకీ కాస్త పెట్టండ్రా, ప్రాణం పోయేలా ఉంది!" అన్నాడొకడు.

సుధాంశు పొంగిపోయాడు. "మాస్టారూ, ఆ క్లోజప్పు ఇంకాస్త ముందే కత్తిరిస్తే నవ్వు ఇంకా పేలుతుందంటారా?" అని అడిగాడు.

"రేపు అందరికీ వేస్తున్నాం కదా, ఆవిణ్ణి తీసుకురా. పక్కన కూర్చుని చూడు," అన్నారు మాస్టారు.

అచ్చమాంబ సంబరంగా వచ్చింది. పట్టుచీర కట్టుకుని, పక్క కుర్చీలో ఆవిడతో "మా మేనల్లుడు తీసిందండీ" అని చెప్పుకుంది. ఆ ఇంట్లో ఏ వ్రతమైనా ప్రసాదం ఆవిడ చేతిదే. తనకంటూ ఉన్న గౌరవం అదేనని ఆవిడ నమ్మకం. తెర మీద పీఠం, కలశం కనబడగానే చేతులు జోడించింది. ఆ తరవాత తన మొహమే వచ్చింది. హాలంతా గొల్లుమంది. అందరూ నవ్వుతున్నారు కదా అని తనూ నవ్వబోయింది. నవ్వెందుకో అర్థమయ్యాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దీపాలు వెలిగాయి.

"నాన్నా, నేనలా ఆబగా చూశానట్రా?" అని పక్కనున్న సుధాంశుని మెల్లిగా అడిగింది. "ప్రసాదం చేసినదాన్ని. స్వామికి నివేదన కాకుండా నోట్లో వేసుకోకూడదు గదా. తీపి సరిపోయిందో లేదోనని మీ నాన్న మొహం చూశాను. 'బావుందక్కా' అని తలూపాడు, అప్పటిగ్గాని నా గుండె కుదుటపడలేదు. అదీ..." అని ఆగి, తనే సర్దిచెప్పింది. "అది కెమెరాలో పడి ఉండదులే. నువ్వు మాత్రం ఏం చేస్తావు."

పడింది. నాన్న తలూపడం, అత్త కళ్ళు మూసుకుని స్వామికి దండం పెట్టుకోవడం, అంతా పడింది. నవ్వు కోసం సుధాంశే తీసేశాడు.

"పై ఏడు ప్రసాదం మీ పెద్దమ్మ చేత చేయించమని నాన్నతో చెప్పు," అని లేచి వెళ్ళింది.

సుధాంశు మాస్టారి దగ్గరికొచ్చి తల వంచుకు నిలబడ్డాడు.

"ఆ ముక్క నా దగ్గరే ఉంది మాస్టారూ. ఇవాళే తిరిగి అతికించేస్తాను. ఎంతసేపు ఉంచమంటారు?"

మాస్టారు గుమ్మం వైపు చూశారు.

"అది రేపైనా అతికించుకోవచ్చు. ఆవిడ ఇంకా మెట్ల దగ్గరే ఉంది."