నూనె గిన్నె, నాలుగు కాయలు

నూనె సంగతి తర్వాత చూద్దాంలే. ముందు నువ్విలా గోడవైపు జరుగు. వేళ్ళు మండుతున్నాయని నాకు తెలుసు బుజ్జీ. ఆ చెయ్యి దుప్పటి మీదే ఉంచు, ఒరుసుకోకుండా. ఊఁ కొడతావా మరి? నీ ఊఁ ఆగితే నా కథా ఆగుతుంది.

అనగనగా ఒక ఊళ్ళో, గోదావరి పాయ పక్కన కొబ్బరిపీచు తాళ్ళు పేనుకునే ఒక చిన్న ఊళ్ళో, తొమ్మిదేళ్ళ పిల్ల ఉండేది. దాని పేరు... సువార్త అనుకుందాం. వాళ్ళ నాన్న పేరు యోహాను. ఆయనకో గిటారు ఉండేది. ఆదివారం చర్చిలో ఆయన గిటారు వాయిస్తూ పాట అందుకుంటే, కిటికీ అవతల మేకలు కూడా నమలడం ఆపేసేవి. నేను చూశాను... అంటే, చూసినవాళ్ళు చెప్పారు.

అలా ఉండగా ఒకరోజు చేలో నీళ్ళ ఇంజను బెల్టులో యోహాను ఎడమచెయ్యి పడింది. ఆస్పత్రిలో కట్టు కట్టారు. మూడు నెలలకి కట్టు విప్పారు. చెంబు పట్టుకోవచ్చు, పార పట్టుకోవచ్చు, కానీ రెండు వేళ్ళు మాత్రం ఇంక వంగలేదు.

ఏంటీ? మన తాతయ్యకీ రెండు వేళ్ళు వంగవా? లోకంలో తాతయ్యలు చాలామంది ఉంటారు. నువ్వు ఊఁ కొట్టు.

అప్పుడు యోహాను గిటారుని గోడకి తగిలించేశాడు. ఆ తర్వాత పాడటం మానేశాడు. ఆ తర్వాత చర్చికి వెళ్ళడమే మానేశాడు. "చెయ్యి పోతే పోయింది, గొంతుకేమైంది? పాడొచ్చుగా" అని వాళ్ళావిడ బతిమాలితే, "తీగ మోగకపోతే పాట ఎక్కడ అందుకోవాలో నాకు తెలీదే" అన్నాడు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ ఇంట్లో గిన్నె కిందపడినా చప్పుడు చెయ్యడానికి భయపడేది.

ఒకరోజు పక్కూరి పాస్టరుగారు వచ్చారు. "మా పిల్లలు నేర్చుకుంటామంటున్నారు యోహానూ, నీ గిటారు ఊరికే వేలాడుతోందిగా" అన్నారు. "మట్టల ఆదివారం వెళ్ళాక పట్టుకెళ్ళండి" అనేశాడు యోహాను. మట్టల ఆదివారం తెలుసుగా, ఈస్టరుకి ముందు వారం అందరం కొబ్బరాకులు పట్టుకుని పాడుకుంటూ వీధులన్నీ తిరుగుతామే, అదీ. దానికింకా నలభై రోజులు కూడా లేవు.

సువార్త తలుపు చాటునుంచి ఇదంతా విన్నది. గిటారు గోడమీద ఉంటే నాన్న ఎప్పటికైనా పాడతాడని దాని ఆశ. గిటారే పోతే నాన్న పాటా దాని వెనకాలే పోతుంది. అప్పుడది ఏం చేసింది? స్టూలెక్కి గిటారు దింపేసింది.

నాన్న ఒళ్ళో కూర్చుని చూసిన పిల్ల, ఏ వేలు ఎక్కడ పెట్టాలో దానికి తెలుసు. తెలిస్తే సరా? అవి ఉక్కు తీగలాయె. మిగతావన్నీ ఎలాగోలా నొక్కేది గానీ, నాన్న పాట అందుకునే చోట ఒక కార్డు, అంటే తీగలన్నీ కలిపి నొక్కే పట్టు, ఉంది. చూపుడువేలు అడ్డంగా పడుకోబెట్టి ఆరు తీగల్నీ ఒక్కసారే నొక్కిపట్టాలి. మిగతా మూడు వేళ్ళూ తలో తీగా పట్టుకోవాలి. ఎఫ్ కార్డు అంటారట. ఇవాళ నువ్వు నొక్కలేక ఏడ్చావే, అదే. సువార్త నొక్కితే అది మోగలేదు, చిల్లుకుండ మీద కొట్టినట్టు డబ్‌మంది.

అప్పుడు సువార్త పక్కింటి రూతమ్మ పెద్దమ్మ దగ్గరకి పోయింది. ఆవిడ అరుగు మీద కూర్చుని పీచు తాడు పేనుతోంది. ముప్పై ఏళ్ళనుంచీ ఆవిడ చేసేది అదే పని.

"నా వేళ్ళకి బలం లేదు పెద్దమ్మా" అంది సువార్త.

"బలం ఏవన్నా సంతలో దొరుకుద్దేటే? నేను చెప్పింది చెయ్యి" అంది రూతమ్మ.

మొదటి వారం తడిబట్టలు పిండమంది. సువార్త రెండిళ్ళ బట్టలూ పిండింది. వాళ్ళ నాన్న పంచె పిండీ పిండీ తాడు చేసేసింది. వారం తిరిగాక కార్డు నొక్కితే రెండు తీగలు మోగాయి, నాలుగు మోగలేదు. మంచం మీద నాన్న దుప్పటి చెవులదాకా లాక్కున్నాడు.

రెండో వారం చింతగింజని బొటనవేలికీ, మిగతా వేళ్ళలో ఒక్కోదానికీ మధ్య పెట్టి నొక్కమంది. చిటికెనవేలి దగ్గరికొచ్చేసరికి గింజ ఎగిరి పప్పుగిన్నెలో పడేది. ఆ వారం పప్పు తిన్నప్పుడల్లా ఎవరో ఒకరి పంటికింద చింతగింజ. కానీ వారం తిరిగాక నాలుగు తీగలు మోగాయి. అప్పుడు నాన్న ఇటు తిరక్కుండానే, "మణికట్టు అంత వంచకు" అన్నాడు. ఆ ఒక్కమాటకే పిల్లకి పండగైపోయింది.

మూడో వారం చీపురుకర్ర మీద నాలుగు వేళ్ళూ ఆనించి, ఒక్కోదాన్ని ఎత్తి దించమంది. పక్కవేలు కదలకూడదు. సువార్త ఆ కర్ర వదల్లేదు. కర్ర లేనప్పుడు బడిలో బల్లమీద చేసి, దరువేస్తున్నావా అని టీచరు చేత చీవాట్లు తింది. వారం తిరిగేసరికి చెయ్యి గట్టిపడింది. ఎంతసేపు పట్టుకున్నా లాగడం లేదు.

ఇంక మోగాలా వద్దా? మోగలేదు. బలం వచ్చింది గానీ, వేళ్ళ కొనలు మాత్రం మొదటిరోజు మండినట్టే మండుతున్నాయి. తీగ తగలగానే వేలు ఉలిక్కిపడి లేచిపోతోంది. మట్టల ఆదివారానికి ఇంకా రెండు వారాలే ఉన్నాయి.

ఇక్కడ వాళ్ళమ్మ సంగతి చెప్పాలి నీకు. పొద్దుగూకాక ఎర్రగా కందిన ఆ చిట్టి వేళ్ళు ఆవిడ చూడలేకపోయేది. కొబ్బరినూనె గోరువెచ్చగా కాచి, చిన్న గిన్నెలో పోసుకుని, ఒక్కోవేలూ పట్టుకుని మెత్తగా మర్దనా చేసేది. ఒక్కరోజు మానలేదు. మొగుడు పాడడు, పిల్ల ఏడుస్తుంది. ఇంకేం చెయ్యాలో ఆవిడకి తెలీదు, పాపం.

అప్పుడు సువార్త రూతమ్మ అరుగు మీద కూలబడి, "నావల్ల కాదు పెద్దమ్మా, నాకు చేతకాదు. గిటారు వాళ్ళనే పట్టుకుపొమ్మను" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

రూతమ్మ తాడు పక్కన పెట్టి దాని చెయ్యి అందుకుంది. వేళ్ళ కొనలు నొక్కి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "ఏటే ఇదీ? కొబ్బరినూని! ఎవరు రాత్తన్నారు?"

"అమ్మ. రోజూ."

"ఓసి మీ అమ్మ కడుపు చల్లగుండ! పగలంతా ఆ తీగ నీ వేలికి కాయ కాయిద్దామని చూత్తంటే, పొద్దుగూకి మీ అమ్మ దాన్ని నానబెట్టి మెత్తగా చేసేత్తందే!"

"కాయా? వేలికి కాయ కాస్తుందా? జామకాయా?" అంది సువార్త ఏడుపు మధ్యలోనే.

రూతమ్మ పగలబడి నవ్వి, తన వేళ్ళు దాని అరచేతిలో పెట్టింది. కొనలు గట్టిగా, నున్నగా ఉన్నాయి. "ఇదీ కాయంటే. ఇది కాసిందాకే నొప్పి. కాశాక ఎంత పేనినా నాకేం తెలీదు."

ఈ మాట విని వాళ్ళమ్మ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తన చేత్తో తనే! ముందు ఏడ్చింది. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని, "అంతేనా! నా పిల్లకి చేతకాక కాదన్నమాట!" అని నవ్వేసింది. ఎంత తేలికయిందనుకున్నావు బుజ్జీ, గుండెలమీంచి రుబ్బురోలు దించినట్టయింది.

కానీ నూనె రాయకుండా ఉండటం ఎంత కష్టమో తెలుసా? మొదటిరోజు అలవాటుకొద్దీ నూనె కాచి, మళ్ళీ సీసాలో పోసేసింది. రెండోరోజు పిల్ల "అమ్మా, మంట" అంటే చెవులు మూసుకుని పెరట్లోకి పోయింది. మూడోరోజు గిన్నెనీ సీసానీ పట్టుకెళ్ళి రూతమ్మ చేతిలో పెట్టి, "మట్టల ఆదివారం దాకా నేనడిగినా ఇవ్వకు అక్కా" అంది.

ఆ తర్వాత సువార్త వేళ్ళు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత పొరలేచాయి, తర్వాత మెల్లగా గట్టిపడ్డాయి. ఆ పొరలు గిల్లబోతే రూతమ్మ చేతిమీద ఒక్కటేసింది. రెండు వారాలు తిరిగేసరికి నాలుగు వేళ్ళకీ నాలుగు బుల్లి కాయలు. అది వాటిని బడిలో అందరికీ చూపించి వచ్చింది.

మట్టల ఆదివారం పొద్దున్నే ఊరంతా కొబ్బరాకులు పట్టుకుని బయల్దేరింది. గిటారు బెల్టు పొడుగైతే వాళ్ళమ్మ రెండు ముళ్ళేసి భుజాన తగిలించింది. యోహాను మాత్రం మంచం దిగలేదు.

పాడుకుంటూ పాడుకుంటూ జనం వాళ్ళ ఇంటిముందుకి వచ్చారు. పాట సరిగ్గా ఆ చోటికి వచ్చింది. సువార్త కళ్ళు మూసుకుని చూపుడువేలు పడుకోబెట్టి, మిగతా మూడూ ఆనించి, నొక్కింది.

మోగింది బుజ్జీ! ఆరు తీగలూ మోగాయి!

అంతే, ఇంట్లోంచి పాట లేచింది. ఎవరూ పిలవలేదు, ఎవరూ చెప్పలేదు. ఎక్కడ అందుకోవాలో ఆ గొంతుకి తెలిసిపోయింది. యోహాను గుమ్మంలోకి వచ్చేశాడు, కాళ్ళకి చెప్పుల్లేవు, భుజాన తువ్వాలు లేదు, పాడుతూనే వచ్చి కూతురి పక్కన నడిచాడు. వాళ్ళమ్మ కొబ్బరాకు మొహానికి అడ్డం పెట్టుకుంది. అందరూ ఎండకనుకున్నారు.

మర్నాడు పక్కూరి పాస్టరుగారు గిటారు కోసం వచ్చారు. యోహాను సువార్త చెయ్యి ఆయన ముందు చాపాడు. ఆయన నాలుగు వేళ్ళూ తడిమి చూశారు. "అబ్బో, కాయలు కాసేసిందే! కాపుకొచ్చిన చెట్టుని కదపకూడదు" అన్నారు. "మీ పిల్లల్ని పంపండి, ఇక్కడే నేర్పుతాను" అన్నాడు యోహాను. ఆయన టీ తాగి, ఉత్తచేతులతో నవ్వుకుంటూ వెళ్ళారు.

ఇప్పుడు చెప్పు, వేళ్ళకి నూనె రాయనా?

వద్దా? హమ్మయ్య.

ఏంటీ? సువార్తంటే మీ అమ్మేనా? నూనె రాసిన ఆవిడ నేనేనా? బాగుందే, ఇంతసేపూ నువ్వు ఊఁ కొట్టి, ఇప్పుడు నన్ను ఊఁ కొట్టమంటావా?

ఊఁ.

తీగ వేలికి, కాయ తీగకి,
పాట నాన్నకి, నవ్వు అమ్మకి,
గిటారు గోడకి, గిన్నె గూటికి,
కథ కంచికి, కళ్ళు నిద్రకి.