పల్లకీ ఎక్కిన గంగాళం

పేరు చెబితే ఆ వంశం వాళ్ళు నొచ్చుకుంటారు కనుక, ఒకానొక రాజ్యం అనుకుందాం. దాన్ని ఏలే విజయభీముడికి అంతఃపురంలో రాణిగారు వైద్యుడి మాట విని గిన్నెతో కొలిచి అన్నం పెట్టేవారు. అందుకని ఆయన రోజూ ఎవరో ఒకరి ఇంట విందుకు బయలుదేరేవాడు.

"మాకు ఆకలై కాదు. వడ్డించింది వద్దంటే గృహస్థు మనసు కష్టపడుతుంది" అనేవాడు. అంత సున్నిత హృదయం. కంసాలి మాత్రం ఏటా ఆయన మొలనూలుకు ఒక ముక్క అతికేవాడు.

ఒకనాడు విందు నుంచి తిరిగి వస్తుంటే, పల్లకీ మోసే గవరయ్య కుడి భుజం ఒరిగి పల్లకీ కుదిపింది.

"సోమరీ! రేపు కుదిపావంటే కొరడా దెబ్బలే" అన్నాడు రాజు, తేన్చి.

గవరయ్య ఆస్థాన హాస్యగాడు తిప్పన్న దగ్గరకు వెళ్ళాడు. "దెబ్బలు ఆపలేకపోతే పోనీండి బాబూ, ఆ బూరెలన్నా తగ్గించమనండి."

మర్నాడు విందు షావుకారు నాగప్ప ఇంట. తిప్పన్న వడ్డించేవాళ్ళతో ముందే మాట్లాడాడు. రాజుగారి విస్తట్లో ఏది ఎంత పడితే, తెర చాటునున్న గంగాళంలోనూ అది అంతే పడాలి. పప్పు, పులిహోర, నెయ్యి, బూరెలు, మళ్ళీ బూరెలు. "ప్రభువులు మొహమాటపడుతున్నారు" అని నాగప్ప వాపోయాడు. గంగాళం కూడా మొహమాటపడలేదు.

భోజనమయ్యాక రాజు భుక్తాయాసంతో, కాళ్ళ దగ్గర ఏముందో చూడకుండానే పల్లకీ ఎక్కాడు. బోయీలు ఎత్తబోయారు. పల్లకీ లేవలేదు.

"కొరడా తెండి!"

"తప్పు గవరయ్యది కాదు ప్రభూ, మీ కాళ్ళ దగ్గర నేను పెట్టించిన గంగాళానిది" అన్నాడు తిప్పన్న.

"ఏముంది ఇందులో?"

"తమరు ఇప్పుడు ఆరగించిందే. గరిటెకు గరిటె, బూరెకు బూరె."

రాజు మూత తీసి చూసి ముఖం చిట్లించాడు. "ఛీ! ఇంత కుప్ప ఎవడు మోస్తాడురా? దించేయండి!"

"చిత్తం. దీన్ని దించేస్తాం. రెండోదాన్ని ఎలా దించమంటారు?"

రాజు గంగాళాన్ని చూశాడు, తన పొట్టను చూసుకున్నాడు. ఫక్కున నవ్వాడు. కొరడా వెనక్కి పంపి, మెడలోని ముత్యాల హారం తీసి తిప్పన్న మెడలో వేశాడు. ఆ రోజు నుంచి ఎవరింట విందైనా ఒక్క వడ్డనతో లేచేవాడు. ఏడాదికి సన్నబడ్డాడు. అదంతా తన కషాయం మహిమేనని వైద్యుడు ఊరంతా చెప్పుకున్నాడు.

ఇన్నాళ్ళ బరువుకు భుజం నలిగి, గవరయ్య కుడిచేయి మాత్రం మళ్ళీ పైకి లేవలేదు. భార్యే అన్నం కలిపి నోట్లో పెడుతుంది. నాలుగు ముద్దలయ్యాక ఆవిడ చేయి కడిగేసుకుంటుంది. కుండలో ఉన్నది అంతే.