కొండముచ్చు తాత వద్దన్న పెరుగు

ఏటిగడ్డ అడవిలో కొండముచ్చులు, కుందేళ్లు, గేదెలు కలిసి ఉండేవి. వాటన్నిటికీ వైద్యుడు బోడయ్య అనే ముసలి ఎలుగుబంటి.

ఒక వానాకాలం వాటి పిల్లలు మురికి మడుగులో మునిగి ఆడాయి. సూరమ్మ అనే కుందేలు కొడుక్కి, నరసయ్య అనే కొండముచ్చు తాత మనవరాలు జాజికి చెవుల్లో చీము పట్టింది. జ్వరం కూడా వచ్చింది.

బోడయ్య చెవులు చూసి చేదు మాత్రలు ఇచ్చాడు.

"రోజుకు రెండు. ఏడు రోజులు. మధ్యలో మానొద్దు. మాత్ర వేసిన రెండు గంటలకు గేదెల దగ్గర కొత్తగా తోడుకున్న పెరుగు తెచ్చి పెట్టండి."

తాత నవ్వాడు. "చెవిపోటుకు కడుపు వైద్యమా? జ్వరంలో పెరుగు పెడితే రొంప పడుతుంది. మా ఇంట్లో ఎవరూ పెట్టలేదు."

"కడుపులో మంచి క్రిములుంటాయి, పెద్దాయనా. తిన్నది అరగడానికి అవి సాయం చేస్తాయి. ఈ మందు చెడ్డవాటితో పాటు వాటినీ చంపుతుంది. అప్పుడు పిల్లలకు విరేచనాలు పట్టుకోవచ్చు. పెరుగులో ఉండేవి మంచి క్రిములే. అవి కడుపును కాస్తాయి."

"నాకు చెప్పొచ్చావు" అని తాత మాత్రలు మాత్రం తీసుకుని వెళ్లాడు.

సూరమ్మ గొణిగింది. "మా అత్త కూడా పెరుగు వద్దంటుంది, బాబాయ్."

"మీ అత్తను నా దగ్గరికి పంపు. నువ్వు పెరుగు పెట్టు."

సూరమ్మ పెట్టింది. ఏడు రోజులకు పిల్లాడు చెంగుచెంగున గెంతాడు.

జాజికి మూడో రోజే విరేచనాలు మొదలయ్యాయి. తాతకు కోపం వచ్చింది. "ఇది మందు కాదు, విషం" అని మిగిలిన మాత్రలు వాగులో పారేశాడు.

విరేచనాలు తగ్గాయి గాని జ్వరం తిరిగి వచ్చింది. చెవి మళ్లీ కారింది. జాజి నీరసించింది. తల్లి ఒక కొమ్మ మీద నుంచి ఇంకో కొమ్మకు దూకినప్పుడు ఆమె పొట్ట పట్టుకోలేక జాజి జారిపోయింది. కింద తీగల పొద ఉండబట్టి బతికింది.

తాత మనవరాలిని తనే ఎత్తుకుని బోడయ్య దగ్గరికి వచ్చాడు.

"మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాలి" అన్నాడు బోడయ్య కొత్త మాత్రలు ఇస్తూ. "వెదురు బియ్యం గంజిలో ఉప్పు వేసి తాగించండి. పెరుగు సంగతి చెప్పాలా?"

"అక్కర్లేదు."

మర్నాటి నుంచి తాత కుండ పట్టుకుని గేదెల దగ్గర నిలబడ్డాడు.

"రొంప పడుతుందేమో, తాతా" అంది ఒక గేదె.

"పొయ్యవే, మాటలెందుకు" అన్నాడు తాత.

ఎనిమిదో రోజు జాజి తల్లి పొట్ట గట్టిగా పట్టుకుంది. గోళ్లు గుచ్చుకుంటున్నాయని తల్లి కసిరింది. ఆ పూట కూడా తాత, జ్వరంలో పెరుగు మంచిది కాదనే అన్నాడు. అంటూనే కుండ కడిగి ఎండలో బోర్లించాడు.

నీతి: వైద్యుడు చెప్పినదాంట్లో మనకు నచ్చిందే చేసి తక్కినది వదిలేస్తే, మొండితనం మనది, బాధ పిల్లలది.